పాతగుడ్డలు పడేశాం, తాడు ఎక్కడ?

క్రిస్మస్‌కు మూడు వారాల ముందు మన సంఘాల్లో ఒక ప్రకటన తప్పకుండా వినిపిస్తుంది. ఇళ్లలో వాడని బట్టలుంటే తెచ్చి ఇవ్వండి, పేదలకు పంచుదాం అని. ఆ ఆదివారం నుంచి ఆరాధన హాలు వెనక గదిలో మూటలు పేరుకుంటాయి. జిప్పు పోయిన ప్యాంట్లు, చంకల్లో రంగు వెలిసిన జాకెట్లు, సాగిపోయిన లెగ్గింగులు, ఎవరి పెళ్లిలోనో పెడితే ఒక్కసారీ కట్టని గరుకు చీరలు. ఉతికి తెమ్మన్నా ఉతకనివి సగం. పండగ వారంలో ఏదో ఒక కాలనీకి వెళ్లి, బ్యానరు కట్టి, ప్రార్థన చేసి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, చేతిలో సంచి పెట్టి ఫొటో తీసుకుంటాం. ఆ సంచి విప్పి చూసుకున్నాక ఆ మనిషి ముఖం ఎలా ఉందో మనకు తెలియదు. అప్పటికి మనం బిర్యానీకి వెళ్లిపోయి ఉంటాం.

ఈ పంపకం ఆపాలని నేనంటున్నాను. తగ్గించాలని, మెరుగుపరచాలని కాదు, ఆపాలని. పాత బట్ట పనికిరానిదని నా ఉద్దేశం కాదు. దాని విలువ తెలిసే అంటున్నాను. ఆ గదిలోని మూటలు విప్పి, సంఘమంతా కింద కూర్చుని, ఏరి, కత్తిరించి, కుట్టి, బొంతలో సంచులో పట్టలో చేసి, కుట్టిన చేతికి కూలి కట్టి, ధర కూడా ఆ చేతులనే నిర్ణయించనిచ్చే పని ఒకటుంది. అది మనం చేయగలిగిన పనే.

తోటి పాస్టర్లతో ఈ మాట అంటే వెంటనే వచ్చే జవాబు ఒకటే. "ఇచ్చేవాళ్ల మనసు చూడాలి బ్రదర్, వాళ్లను నొప్పించకూడదు." మరి పుచ్చుకునేవాళ్ల మనసు? బాప్తిస్మమిచ్చు యోహానును జనం మేమేం చేయాలని అడిగినప్పుడు ఆయన చెప్పింది లూకా 3లో ఉంది. రెండు అంగీలున్నవాడు ఏమీ లేనివాడికి ఒకటి ఇవ్వాలన్నాడు. లెక్క చూడండి. రెండులో ఒకటి ఇస్తే ఇచ్చినవాడికి ఒకటి, పుచ్చుకున్నవాడికి ఒకటి. ఇద్దరూ సమానం. మనం ఇస్తున్నది ముప్పయ్యో అంగీ. అదీ బీరువాలో కొత్తదానికి చోటు చాలక. ఇచ్చాక కూడా మనకు ఇరవై తొమ్మిది, ఆయనకు ఒకటి, ఆ ఒకటికీ బొత్తాలు లేవు. దీనికి లూకా 3 చదివి ఆశీర్వాదం పలకడం నాకు నోరు రాని పని.

ఈ దేశంలో పాత బట్ట ఇవ్వడం అమాయకమైన పని కాదు. దానికి శాస్త్రం ఉంది. మనుస్మృతి పదో అధ్యాయం తెరవండి. 52వ శ్లోకం చండాలురు చచ్చినవాళ్ల బట్టలు కట్టుకోవాలంటుంది. 125వ శ్లోకం సేవ చేసే శూద్రుడికి తినగా మిగిలిన అన్నం, చీకిపోయిన బట్టలు, తాలు గింజలు, పాత సామాను ఇవ్వాలంటుంది. అదంతా ఎప్పటి పుస్తకమో అని కొట్టిపారేసేవాళ్లుంటారు. మన తాతల కాలం దాకా అది పుస్తకంలో లేదు, ఊళ్లో ఉంది. పండగ పూట దొర గుమ్మానికి దూరంగా నిలబడితే పైనుంచి వచ్చి పడే పంచె అది. ఏడాది పొడవునా చేసిన చాకిరీకి చద్దన్నం, పాత గుడ్డ. కూలి ఎగ్గొట్టే పద్ధతికి పెట్టిన అందమైన పేరు దానం.

మన పెద్దలు కోలారు బంగారు గనులకు, బెంగళూరు వీధులకు, తమిళనాడు మునిసిపాలిటీలకు, బరంపురానికి, బొంబాయికి పోయింది ఒక్క ఆకలి తోలితేనే అనుకోకండి. కూలి రూపాయల్లో చేతికి వచ్చే చోటు వెతుక్కుంటూ పోయారు. ఊడ్చే పనే దొరికినా, గనిలో దుమ్ము మింగే పనే దొరికినా, నెల జీతంతో తాను కొన్న బట్ట తాను కట్టుకోవచ్చు. 1927 డిసెంబరులో మహద్‌లో అంబేద్కర్ స్త్రీలను కూర్చోబెట్టి మాట్లాడినప్పుడు, ఫలానా కులమని దూరం నుంచే పసిగట్టేలా ఉండే చీరకట్టు మానేయమని చెప్పారు. చెరువు నీళ్ల కోసం మొదలైన పోరాటంలో చీర మాట ఎందుకు? నోరు విప్పకముందే మన ఒంటి మీది బట్ట మన స్థానం ఎక్కడో ఊరికి చెప్పేస్తుంది కాబట్టి. అలాంటి చరిత్ర మోసుకొచ్చిన మనుషులకు, వాళ్ల మనవరాళ్లకు, ఏసు పేరు మీద మళ్లీ పాత గుడ్డ చేతిలో పెడుతున్నాం.

ఇప్పుడు మన బెంచీల వైపు చూడండి. నేను సేవ చేసే బెంగళూరులో చాలా తెలుగు సంఘాల్లో గార్మెంట్ ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే చెల్లెలు ఒకవైపు కూర్చుంటుంది, తెల్లవారకముందే వీధి ఊడ్చే పౌరకార్మిక అక్క ఇంకోవైపు. మొదటామె కుట్టిన చొక్కా ఏ మాల్‌లోనో అమ్ముడవుతుంది. నాలుగు ఉతుకులయ్యాక కొన్నవాడికి మొహం మొత్తుతుంది. చెత్తలో పడి రెండో ఆమె చీపురుకు తగులుతుంది. లాభం తిన్నవాళ్లు ఈ రెండు బెంచీల్లోనూ లేరు. డిసెంబరు రాగానే అదే చొక్కాను మూట కట్టి వీళ్లిద్దరికే దానం చేస్తాం.

వాళ్లేమన్నా చేయి చాపి బతికేవాళ్లా? 2016 ఏప్రిల్‌లో పీఎఫ్ డబ్బు తీసుకోవడానికి కేంద్రం కొత్త ఆంక్ష పెడితే బెంగళూరు గార్మెంట్ స్త్రీలు వేలాదిగా రోడ్ల మీదికి వచ్చారు. పెద్ద నాయకులెవరూ ముందు నడవలేదు. రెండో రోజుకే కేంద్రం వెనక్కి తగ్గింది. దేశంలోని ప్రతి ఉద్యోగికీ ఆ లాభం అందింది, సంఘంలోని మన సాఫ్ట్‌వేర్ తమ్ముళ్లతో సహా. ఆ స్త్రీలకు మనం ఏటా ఇస్తున్నది సాగిపోయిన లెగ్గింగు.

2004 సునామీ తర్వాత నాగపట్నం తీరానికి దేశం నలుమూలల నుంచి లారీల మీద పాత బట్టలు వచ్చాయి. అక్కడి మత్స్యకార కుటుంబాలు వాటిని ముట్టుకోలేదు. రోడ్ల పక్కన గుట్టలుగా పడి తడిసి కుళ్లాయి. సముద్రం వాళ్ల ఇల్లూ పడవా తీసుకుపోయింది గాని మర్యాదను తీసుకుపోలేదు మరి. ఆ మిగిలిపోయిన గుట్టల్ని ఏరి, సర్ది, పనికొచ్చేలా చేసినవాళ్లలో గూంజ్ సంస్థ ఉంది. 1999లో ఢిల్లీలో అన్షు గుప్తా మొదలుపెట్టిన సంస్థ ఇది, 2015లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. బట్ట ఊరికే పంచరు. ఊరివాళ్లు తమ బావో, తమ దారో బాగుచేసుకుంటే దానికి బదులుగా బట్టలిస్తారు. కట్టుకోవడానికి పనికిరాని నూలు గుడ్డను శుభ్రం చేసి నెలసరి గుడ్డలుగా కుడతారు. ఆ చివరి పని ఒక్కటి చాలు వాళ్ల ముందు తల వంచడానికి. మన సంఘాల్లో ఆ మాట పైకి అనడానికే సిగ్గు.

అయినా గూంజ్ పద్ధతి గురించి నాకొక పేచీ ఉంది. పనికి బదులు పాత బట్ట అనే ఏర్పాటు ఎంత మంచి ఉద్దేశంతో చేసినా, మన జనం జ్ఞాపకంలో అది వెట్టికి మరీ దగ్గరగా ఉంది. వాళ్లు దాన్ని గౌరవంగా నడుపుతుండవచ్చు. మన చేతికొస్తే అది పాత రూపానికి తిరిగి వెళ్లడానికి ఎక్కువ కాలం పట్టదు. అందుకే మన సంఘాల్లో చేసే పనికి కూలి డబ్బుగానే ఉండాలి, బట్టగా ఉండకూడదు.

పాతగుడ్డల గురించి బైబిల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు యిర్మీయా 38. మన ప్రసంగాల్లో అది వినపడదు. అధిపతులకు నచ్చని మాట చెప్పినందుకు యిర్మీయాను గోతిలోకి దించేశారు. నీళ్లు లేవు, బురద. దిగబడిపోతున్నాడు. రాజు ఇంట్లో పనిచేసే ఎబెద్మెలెకు అనే కూషీయుడు, అంటే ఆఫ్రికా నల్లవాడు, పరదేశి, రాజు దగ్గరికి వెళ్లి ఇది అన్యాయమని ముఖం మీదే అన్నాడు. సెలవు తీసుకుని, మనుషుల్ని వెంటబెట్టుకుని, ఖజానా కింది గదిలో పడున్న చింకిపాతలు, పాతగుడ్డలు ఏరి, తాళ్లతో గోతిలోకి దించాడు. తాళ్లు ఒరుసుకోకుండా ఆ గుడ్డలు చంకల కింద పెట్టుకోమని పైనుంచి చెప్పాడు. తర్వాత లాగారు.

ఇందులో ఎన్ని పనులున్నాయో చూడండి. ముందు రాజును నిలదీయడం. తర్వాత మనుషుల్ని కూడగట్టడం. ఏ గుడ్డ ఎక్కడ ఒరుసుకుంటుందో గోతిలో ఉన్నవాడి ఒంటి వైపు నుంచి ఆలోచించడం. చివరికి లాగడం. పాతగుడ్డ ఆ మొత్తం పనిలో ఒక చిన్న భాగం. మనం ఏటా చేస్తున్నదేమిటంటే గోతి అంచున నిలబడి మూట లోపలికి విసిరి, "దేవుడు దీవించును గాక" అని ఫొటో దిగి రావడం. యిర్మీయా ఇంకా బురదలోనే ఉన్నాడు, పైగా ఇప్పుడు మూట కూడా ఆయన మీద పడింది. రాజుతో మాట్లాడే ఊసు అసలే లేదు. గోతి తవ్వినవాళ్లు మన డోనర్ల పట్టికలో ఉండవచ్చు కదా.

ఆ కూషీయుడి రంగు, ఆయన నేర్పూ మన కర్ణాటకలోనే నాకు మళ్లీ కనిపిస్తాయి. ఉత్తర కన్నడ జిల్లాలో యల్లాపుర, హళియాళ, ముండగోడు అడవి పల్లెల్లో సిద్దీలున్నారు. శతాబ్దాల కిందట ఆఫ్రికా నుంచి బానిసలుగా, సైనికులుగా తెచ్చిన మనుషుల సంతానం. వాళ్లలో క్రైస్తవులు, హిందువులు, ముస్లింలు ముగ్గురూ ఉన్నారు. 2003లో గాని వాళ్లకు షెడ్యూల్డ్ తెగగా గుర్తింపు రాలేదు. ఆ స్త్రీలు పాత చీరలు, చొక్కాలు, లంగాల ముక్కలతో కవంది అనే బొంత కుడతారు. అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. నాలుగు మూలల్లో గుడ్డను మడిచి పువ్వులు పెడతారు, అవి లేకపోతే బొంత దిసమొలతో ఉన్నట్టే లెక్క. కథోలిక సిద్దీల బొంతల్లో సిలువ గుర్తు ఉంటుంది. రోజంతా పొలంలో, అడవిలో పనిచేసి వచ్చిన చేతులవి. వాటికి కలెక్షన్ డ్రైవు అక్కర్లేదు, బ్యానరు అక్కర్లేదు.

మనకూ ఆ విద్య ఉంది. మన ఇళ్లలో బొంత. కన్నడం పక్కింట్లో కౌది, మరాఠీ పక్కింట్లో గోధడి, ఒడియా పక్కింట్లో కంథా. అమ్మమ్మ నాలుగు నూలు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, మూలలకు చెంబులు పెట్టి, టాకాలు వేసి, ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచి నలుగురూ నాలుగు వైపులా కూర్చుని కుట్టేది. పాటలూ, ఏడుపులూ, కోడలి మీద చాడీలూ అన్నీ ఆ బొంత చుట్టూనే. ఏసు పుట్టగానే పొత్తిగుడ్డలతో చుట్టారని మన తెలుగు బైబిల్లో ఉంది. పొత్తిగుడ్డ అంటే మనింట్లో ఏమిటి? కొట్లో కొన్న కొత్త గుడ్డ గరుకుగా ఉంటుంది, పసిబిడ్డ ఒళ్లు గీరుకుంటుంది. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి వెన్నలా అయిన అమ్మమ్మ చీరే పొత్తిగుడ్డ. బెత్లెహేములో ఏ గుడ్డ దొరికిందో లూకా రాయలేదు గాని, తెలుగు తల్లి చెవికి ఆ మాట వినపడగానే పాత చీర మెత్తదనమే తగులుతుంది. ఆ మెత్తదనం ఎలా తయారవుతుందో తెలిసిన ఆడవాళ్లు మన సంఘంలో ఇంకా బతికే ఉన్నారు. స్త్రీల సమాజంలో వాళ్లను వెనక వరసలో కూర్చోబెట్టి, కుట్టు రాని మనం వాళ్లకు "సాధికారత" మీద ప్రసంగాలిస్తున్నాం.

యౌవనస్థులతో ఒక మాట. మీ వీబీఎస్‌ల్లో, యూత్ క్యాంపుల్లో "వేస్ట్ టు వెల్త్" అని పోటీలు పెడుతున్నారు. పాత జీన్స్‌తో పెన్ను స్టాండు, టీషర్టుతో పూలదండ. బాగున్నాయి, సాయంత్రానికి చెత్తబుట్టలో ఉంటాయి. ఆ వెల్త్ ఎవరికి వచ్చింది? సృష్టిని కాపాడదామని రీలు పెడతారు, ఆ మరుసటి గంటలో ఆన్‌లైన్లో మూడు టాపులు 999కి ఆర్డరు పెడతారు. అంత చవక ఎలా అయిందో అడగరు. 24 ఏప్రిల్ 2013న ఢాకా దగ్గర రానా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. గోడలు బీటలు వారాయని ముందురోజే తెలుసు, అయినా లోపలికి తోలారు. చవక వెనక ఉన్నది అదీ. పాత గుడ్డతో అందమైన వస్తువు చేసినంత మాత్రాన ఆ లెక్క చెల్లదు, ముందు కొనడం తగ్గాలి.

ఇక అసలు ఉచ్చు. పాత బట్టలతో చేతిపని ఇప్పుడు ఫ్యాషను. నగరాల్లో అద్దాల కొట్లలో మన బొంత లాంటిదే "అప్‌సైకిల్డ్" అని చీటీ కట్టించుకుని వేలాడుతోంది, ధర వేలల్లో. కుట్టినామెకు ముక్కకింత. మన సంఘాలు కూడా ఈ దారే పట్టేలా ఉన్నాయి, కాకపోతే ఇంకా అధ్వాన్నంగా. ఒక లెక్క వేద్దాం. పెద్ద బొంత చేత్తో కుట్టడానికి ఇంటి పనుల మధ్య రోజుకు నాలుగు గంటల చొప్పున ఇరవై రోజులు పట్టిందనుకోండి. 80 గంటలు. ఎనిమిది గంటల రోజు లెక్కన పది రోజులు. రోజుకు 500 కూలి అనుకున్నా 5,000 రూపాయలు, దారం ఖర్చు కాక. మన సంఘం వార్షికోత్సవంలో స్టాలు పెట్టి దానికి 600 అని రాస్తాం. పెద్దలెవరో వచ్చి "మన అక్క కుట్టిందే కదా" అని 500కి బేరమాడతారు. తీసుకెళ్లాక సాక్ష్యం కూడా చెబుతారు, పేద సహోదరిని ప్రోత్సహించానని.

ఈ బేరం ఎలా ఉంటుందో షోలాపూరు తెలుగు ఆడవాళ్లను అడగండి. తెలంగాణ నుంచి మగ్గాల వెంట వెళ్లిన కుటుంబాల్లో తరాల తరబడి స్త్రీలు బీడీలు చుట్టారు. వెయ్యికింత. అందులో బాగాలేవని తీసి పక్కన పెట్టినవాటికి సున్నా. ఇంట్లో కూర్చుని చేసే పని కాబట్టి అది పని కాదనీ, తీరిక వేళ సంపాదన అనీ లోకం అనేది. వాళ్లు యూనియన్‌గా కూడారు. తెలుగువాడైన నరసయ్య ఆడం నాయకత్వంలో ఏళ్ల తరబడి పోరాడి కుంభారి దగ్గర గోదుతాయి పరుళేకర్ పేరుతో 10,000 ఇళ్ల కాలనీ సాధించుకున్నారు, 2006లో ప్రధాని వచ్చి తాళాలిచ్చారు. ఆ నాయకులు ఎర్రజెండావాళ్లని మనలో కొందరికి నచ్చకపోవచ్చు. ఎబెద్మెలెకు కూడా ఇశ్రాయేలువాడు కాదు.

కుట్టుపని నుంచే భూమి దాకా వెళ్లిన స్త్రీలు కూడా ఉన్నారు, అదీ ఒక పాస్టరు చేయి కలిపితే. అమెరికాలో అలబామా రాష్ట్రం, విల్కాక్స్ కౌంటీ. పత్తి పొలాల్లో కౌలుకు బతికే నల్లజాతి కుటుంబాలు. ఓటు నమోదు చేయించుకుంటే భూస్వామి ఇల్లు ఖాళీ చేయించేవాడు. చలికి తట్టుకోవడానికి చిరిగిన పొలం బట్టలతో, పిండి సంచులతో ఆ స్త్రీలు బొంతలు కుట్టేవాళ్లు. ఎపిస్కోపల్ పాస్టరు ఫ్రాన్సిస్ వాల్టర్ దారిన పోతూ దండెం మీద ఆరేసిన బొంతలు చూశాడు. ఒక్కోదానికి 10 డాలర్లిచ్చి కొని, న్యూయార్కులో వేలం పెట్టించాడు. 1966లో ఆ స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. సొమ్ము కూడబెట్టి 23 ఎకరాలు కొన్నారు, కుట్టు కేంద్రం కట్టుకున్నారు, ఓటు కోసం ఇళ్లు పోగొట్టుకున్న కుటుంబాలకు అందులో స్థలాలు అమ్మారు. బొంత కుట్టడమూ ఓటు వేయడమూ వాళ్లకు రెండు వేరు పనులు కావు.

అదే ప్రాంతపు జీస్ బెండ్ ఊరి బొంతలు తర్వాత గొప్ప కళగా పేరు పొందాయి. 2002లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలో గోడకెక్కాయి, 2006లో పోస్టల్ స్టాంపుల మీదికొచ్చాయి. 2007లో ఆ ఊరి స్త్రీలు ముగ్గురు తమకు రావలసిన డబ్బు రాలేదని కోర్టుకెళ్లారు. మరుసటి ఏడు రాజీ కుదిరింది. మెచ్చుకోలు పెరిగినకొద్దీ లెక్క పుస్తకం ఎవరి దగ్గర ఉందో ఇంకా గట్టిగా చూసుకోవాలి.

కాబట్టి మన సంఘాల్లో ఈ పని మొదలైతే నాకు కావలసినవి ఇవి. బట్ట తెచ్చేవాళ్లే ఉతికి, ఆరబెట్టి, మడిచి తేవాలి. ఉతకని మూట ఎవరిదైనా, ట్రెజరర్ గారిదైనా, గుమ్మం దగ్గరే వెనక్కి. ఏరడం, కుళ్లినవి తీసేయడం పెద్దల కమిటీ మగవాళ్లు చేయాలి. ఇతరుల మురికి ఎత్తే పని మన ఆడవాళ్లు, అందులోనూ పౌరకార్మిక అక్కలు, వారమంతా చేసే వస్తున్నారు. ఆదివారం కూడా వాళ్లకే అప్పగిస్తే మనం బాప్తిస్మం తీసుకుని ఏం లాభం? మిషన్లు కొంటే కుట్టేవాళ్ల బృందం పేరు మీద కొనాలి. సంఘం పేరు మీద, పాస్టరు పేరు మీద వద్దు. అమ్మగారు శాశ్వత అధ్యక్షురాలిగా ఉండే ఆనవాయితీ ఇక్కడ పనికిరాదు (మా ఇంట్లో ఈ వాక్యం చదివి వినిపించాను, ఆమెకు ఆక్షేపణ లేదు). ధర కుట్టినవాళ్లు చెబుతారు. లెక్క గోడ మీద ఉంటుంది. గంటల లెక్క కూడా.

సువార్త వదిలేసి కుట్టుమిషన్లా అని అడిగేవాళ్లకు అపొస్తలుల కార్యములు 18 చూపిస్తాను. కొరింథులో పౌలు అకుల ప్రిస్కిల్లల ఇంట్లో దిగాడు, ముగ్గురిదీ ఒకే వృత్తి, డేరాలు కుట్టడం. ఆ పని చేస్తూనే సమాజమందిరంలో తర్కించాడు. దోర్కా చనిపోయినప్పుడు యొప్పేలో విధవరాండ్రు పేతురుకు చూపించింది ఆమె ప్రసంగాల నోట్సు కాదు, తమ మధ్య ఉండగా ఆమె కుట్టిన బట్టలు. తమ మధ్య ఉండగా అనే మాట మీద ఆగండి. ఆమె పంపిణీ కార్యక్రమానికి వచ్చి వెళ్లలేదు.

పాత బట్ట అంతా ఒకలాంటిది కాదని ముందే తెలుసుకోండి. బొంతకూ పొత్తిగుడ్డకూ నూలు చీర, పంచె, లుంగీ మాత్రమే. పాలియెస్టర్ చెమట పీల్చదు, పక్కకు పనికిరాదు, దాన్ని జడలా అల్లి పట్టలూ తాళ్లూ చేయండి. జీన్స్‌తో సంచులు, బడిపిల్లల బ్యాగులకు అడుగులు. బనియన్ గుడ్డను పేలికలుగా చీల్చి అల్లితే కాళ్లు తుడుచుకునే పట్టలకు దాన్ని మించింది లేదు. సాగే లెగ్గింగులతో పెద్దగా ఏమీ రాదు, ఆ మాట ఒప్పుకుని అవి తీసుకోకండి. చిన్న తుంపులు దిండ్లలో కూరండి. అప్పటికీ మిగిలిందాన్ని పాత బట్టల వ్యాపారికి అమ్మేస్తే పానిపట్టు లాంటి చోట్లకు చేరి నూలుగా చీలి దుప్పటవుతుంది. వరదలప్పుడు మనం పంచే చవక దుప్పట్లలో ఆ రకమే ఎక్కువ.

జనవరి మొదటి శనివారం మొదలుపెట్టాలనుకునే సంఘాలు కత్తెర్లు మాత్రం కొత్తవి కొనండి. మొద్దుబారిన కత్తెరతో పాత నూలు తెగదు, పీక్కుపోతుంది. వెనక గది తాళం చెవి కుట్టేవాళ్లలో ఒకరి దగ్గర ఉండాలి. ఆదివారం దాకా ఆగి అయ్యగారిని అడిగి తీసుకునేలా ఉంటే ఎవరూ రారు.